నెలకి 120 కిలోల దగ్గర ఆగిపోయిన పచ్చళ్ళ వ్యాపారం: యజమానిగా ఇప్పుడు ఏం నేర్చుకోవాలి?

గోదారి_రుచి (తణుకు)
అందరికీ నమస్కారమండీ. ఇంటి దగ్గరే పచ్చళ్ళు పెట్టి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటున్నాను. నెలకి 120 కిలోల దాకా వెళ్తోంది, అందులో సగానికి పైగా ఆవకాయే. కిలో 500, కొరియర్ ఖర్చు నాదే. ముక్కలు తుడవడానికీ సీసాలు నింపడానికీ ఇద్దరు వస్తారు. కలపడం మాత్రం నేనే. ఇంతకు మించి తీసుకుంటే ఒక్కోసారి ఉప్పెక్కువైందనీ, నూనె కారిందనీ ఫోన్లు వస్తున్నాయి. బిజినెస్ కోచింగ్ అని 15 వేల ఆన్‌లైన్ కోర్సు ఒకటి చూశాను, డిజిటల్ మార్కెటింగ్ కూడా నేర్పుతారట. ముందు ఏది నేర్చుకోవాలి? ఇప్పటికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఒక్కటే ఉంది.

లెక్కల_మాస్టారు (విజయవాడ)
కోర్సు సంగతి తర్వాత చూద్దాం. కిలోకి మీకు ఎంత మిగులుతోందో చెప్పండమ్మా. నోటి లెక్క వద్దు, కాగితం మీద వేసి చెప్పండి.

గోదారి_రుచి
సరుకులన్నీ కలిపి కిలోకి 180 లోపే పడుతోందండీ. అంటే కిలోకి 320 మిగులుతున్నట్టే కదా? కొరియర్ తీసేసినా 250.

లెక్కల_మాస్టారు
ఆ 250 ఎక్కడికి పోతోందో చూద్దాం. రేట్లు ఉదాహరణకి వేస్తున్నాను, మీ బిల్లులు చూసి మార్చుకోండి.

10 కిలోల ముక్కల వాయి తీసుకోండి. అన్ని ముక్కలు రావాలంటే కాయలు 14 కిలోలు కొనాలి. జీడి, పొర, మెత్తబడ్డ కాయలు పోతాయి కదా. కాయలు కిలో 40 చొప్పున 560, కోత కూలి 140. కారం 2 కిలోలు 700. ఆవపిండి 2 కిలోలు 280. ఉప్పు 1.8 కిలోలు 45. మెంతులు, పసుపు 30. వెల్లుల్లి కిలో 200. పప్పునూనె 5 కిలోలు 1,900. మొత్తం 3,855. బేసిన్‌కీ గరిటెకీ అంటుకున్నది పోగా 21.5 కిలోల పచ్చడి వస్తుంది. కిలోకి 179. మీరు చెప్పిన 180 ఇదే, ఇక్కడిదాకా మీ లెక్క కరెక్టే.

ఇక్కడి నుంచి చూడండి. అరకిలో సీసా, మూత, సీలు, లేబులు 22 రూపాయలైతే కిలోకి 44. అట్టపెట్టె, బబుల్ షీటు 15. ఇద్దరు మనుషులకి సగం రోజు కూలి 500, కిలోకి 23. మీ సగం రోజు పనికి 400 వేసుకోండి, కిలోకి 19. చాలామంది వేసుకోనిది ఇదే. గ్యాసు, కరెంటు, ఫోను, గది అద్దె కలిపి నెలకి 6,000 అనుకుంటే 120 కిలోలకి పంచితే 50. ఇప్పటికి 330. కొరియర్ 70. పగిలినవి, మళ్ళీ పంపినవి ఇంకో 12. మొత్తం 412.

500లో 5 శాతం జీఎస్టీ తీస్తే మీ చేతికొచ్చేది 476. మిగిలింది 64. నెలకి 7,680, దానికి మీ కూలి 2,280 కలిపితే 9,960. మీరు 30 వేలనుకుంటున్న చోట 10 వేలు ఉన్నాయి. ఇదే సరుకు దుకాణానికి 25 శాతం మార్జిన్ మీద వేస్తే 375 వస్తుంది, పన్ను పోగా 357. కొరియర్ లేదు కాబట్టి ఖర్చు 342. కిలోకి 15 రూపాయలు. ఇప్పుడు మార్కెటింగ్ కోర్సు చేసి నెలకి 400 కిలోలు దుకాణాలకి అమ్మారనుకోండి, అద్దె, గ్యాసు లాంటి ఖర్చులూ అదే లెక్కన పెరిగితే చాకిరీ మూడింతలవుతుంది, డబ్బు దాదాపు అక్కడే ఉంటుంది.

గోదారి_రుచి
చదువుతుంటే చెమటలు పట్టాయండీ. ఒక్క మాట. జీఎస్టీ ఎందుకు వేశారు? నాకు ఏడాదికి 7 లక్షలే కదా, 40 లక్షల దాకా అక్కర్లేదన్నారు.

పన్నుల_పద్దు (హైదరాబాద్)
సరుకు అమ్మేవాళ్ళకి ఆంధ్రలో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. కానీ ఆ పరిమితి సొంత రాష్ట్రంలోపల అమ్మేవాళ్ళకే. పన్ను పడే సరుకుని వేరే రాష్ట్రానికి అమ్మితే టర్నోవర్ ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పదు. జీఎస్టీ చట్టం సెక్షన్ 24 అదే చెబుతుంది. తణుకు నుంచి హైదరాబాద్‌కి ఒక్క సీసా అమ్మినా అంతర్రాష్ట్ర అమ్మకమే. 2014కి ముందు అలవాటుతో చాలామంది మనలో మనమే అనుకుంటారు, చట్టం అనుకోదు. బెంగళూరు, చెన్నై ఆర్డర్ల సంగతి చెప్పక్కర్లేదు.

చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో సులువుగా పన్ను కట్టే కాంపోజిషన్ స్కీము పెట్టుకుందామన్నా, అందులో ఉన్నవాళ్ళు వేరే రాష్ట్రానికి సరుకు అమ్మకూడదు. మామూలు రిజిస్ట్రేషనే తీసుకోండి. 5 కోట్ల లోపు వాళ్ళు రిటర్నులు మూడు నెలలకోసారి వేసుకునే వీలుంది. పచ్చళ్ళ మీద రేటు 2025 సెప్టెంబరు 22 నుంచి 12 నుంచి 5 శాతానికి తగ్గింది. సీసాలు, లేబుళ్ళ మీద మీరు కట్టిన పన్ను క్రెడిట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన దాంట్లోంచి తగ్గుతుంది, కాబట్టి మాస్టారు చెప్పిన 64 కాస్త పెరగొచ్చు. అమ్మకం లేకపోయినా రిటర్ను వేయాలి. ఆలస్య రుసుము అలాంటి చోటే పడుతుంది.

సీసా_మూత (రాజమహేంద్రవరం)
ఉప్పు ఫిర్యాదుకి వద్దాం. మీరు గిన్నెతో కొలుస్తున్నారా, తూకం వేస్తున్నారా?

గోదారి_రుచి
గిన్నె లెక్కేనండీ. నాలుగు గిన్నెల ముక్కలకి ఒకటి కారం, ఒకటి ఆవపిండి, ముప్పావు ఉప్పు. అమ్మమ్మ నాటి నుంచీ అదే.

సీసా_మూత
ఇంటికి అది చాలు. ఒకే కాయ, ఒకే ఉప్పు, ఒకే చెయ్యి కాబట్టి కుదురుతుంది. అమ్మకానికి కుదరదు. ఒకే గిన్నెలో కల్లుప్పు తక్కువ తూగుతుంది, మెత్తటి ఉప్పు ఎక్కువ తూగుతుంది. ఎండబెట్టి దంచిన ఉప్పు ఇంకో రకం. ముక్కలూ అంతే, చిన్న ముక్క గిన్నెలో ఎక్కువ పడుతుంది. అంటే మీ గిన్నె కొలతలో ప్రతి వాయికీ ఉప్పు మారుతూనే ఉంది. ఈసారి మీ చేత్తో గిన్నె లెక్కనే వేయండి, కానీ ప్రతి గిన్నెనీ కాటా మీద పెట్టి బరువు రాసుకోండి. మూడు వాయిలు అలా చేస్తే మీ అసలు పాళ్ళు గ్రాముల్లో బయటపడతాయి. బాగా కుదిరిన వాయి అంకెలే ఇకమీదట మీ సూత్రం.

వాయి కాగితంలో ఇవి ఉండాలి: తేదీ, వాయి నంబరు, కాయ రకం, ఎక్కడ కొన్నారు, ముక్కల బరువు, ఒక్కొక్క సరుకు గ్రాముల్లో, కారం ఏ బస్తాలోది, కలిపింది ఎవరు, మూడోరోజు తిరగకలిపినప్పుడు ఉప్పు, నూనె ఎంత చేర్చారు. ఆ చివరిది చాలామంది రాయరు. మొదటి రోజు అందరూ ఒకేలా కలుపుతారు, రుచి తేడా వచ్చేది మూడోరోజు చేర్చే పిడికెడు ఉప్పు దగ్గరే.

ప్రతి వాయి నుంచి పావుకిలో సీసా ఒకటి మూతేసి, నంబరు రాసి అటక మీద ఉంచండి. ఫిర్యాదు వస్తే ముందు దాన్ని తెరవండి. మీ సీసా బాగుండి వాళ్ళది బూజు పట్టిందంటే తడి గరిటె పెట్టి ఉండొచ్చు, లేదా ఆ ఒక్క సీసా తడిగా ఉండి ఉండొచ్చు. రెండూ పాడైతే తప్పు వాయిదే: తుడవని ముక్కలు, పచ్చి తడి ఉన్న వెల్లుల్లి, ఆరని బేసిన్.

ఒక వాయిలో ఒక్కటే మార్చండి. కారం రకం మార్చిన రోజే నూనె కూడా మార్చితే రుచి ఎందుకు మారిందో ఎప్పటికీ తేలదు.

ఓరుగల్లు_మిర్చి (వరంగల్)
అక్కా, కారం ఎట్ల కొంటున్నరో చెప్పలే. పొడి కొంటే ప్రతిసారి రంగు, ఘాటు మారుతది, మీ సూత్రం ఎంత గట్టిగున్నా పని చెయ్యదు. కాయ కొని పట్టించుకోండ్రి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాక గుంటూరు మార్కెట్‌కైనా మా ఏనుమాముల మార్కెట్‌కైనా కొత్త పంట వస్తది. ఘాటుకు తేజ రకం, రంగుకు చపాట రకం. మా చపాటకు 2025ల జీఐ (ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే) గుర్తింపు కూడ వచ్చింది. రెండు ఏ పాళ్ళల కలపాల్నో మీ నాలుకే చెప్పాలె, గానీ తేలినంక గ్రాములల్ల రాసిపెట్టుకోండ్రి.

ఎంత కొనాల్నో లెక్క చూడుండ్రి. అన్నీ ఆవకాయే అనుకుంటే ఏడాదికి 1,440 కిలోల పచ్చడి. 21.5 కిలోలకు 2 కిలోల కారం చొప్పున 134 కిలోలు కావాలె. తొడిమలు తీసినంక, ఎండినంక తూకం తగ్గుతది కాబట్టి 150 కిలోలకు తక్కువ కొనొద్దు. గింత సరుకు ఇంట్ల పెడితే రంగు పోతది, వానకాలం చెమ్మ పడితే బూజు. కోల్డ్ స్టోరేజీల పెట్టి రెండు నెలలకోపారి తెచ్చి పట్టించుకునుడు మంచిది. పొడి చేసినంక వెలుతురు తగలనియ్యొద్దు.

లెక్కల_మాస్టారు
మిర్చి గారు చెప్పింది డబ్బు సంగతి కూడా. మిర్చి మార్చిలో, కాయ ఏప్రిల్ నుంచి జూన్‌లో, నూనె కూడా అప్పుడే. ఏడాది ఖర్చులో పెద్ద ముక్క నాలుగు నెలల్లో పోతుంది, అమ్మకం పన్నెండు నెలలకి పరుచుకుంటుంది. లాభం ఉన్న వ్యాపారం కూడా మే నెలలో చేతిలో డబ్బు లేక ఆగిపోయేది ఇందుకే. పన్నెండు గళ్ళ కాగితం గీసి ఏ నెలలో ఎంత పోతుంది, ఎంత వస్తుంది అని వేయండి. ఏ నెలలో తక్కువపడుతుందో కనిపిస్తుంది. ఆ మొత్తానికే అప్పు అడగండి, గుండుగుత్తగా రెండు లక్షలని అడగొద్దు. చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణాల్లో శిశు 50 వేల వరకు, కిశోర్ 5 లక్షల వరకు. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, నెలనెలా మీకు జీతం అందులోంచే. పాలబ్బాయికీ కారం బస్తాకీ ఒకే ఫోన్‌పే నుంచి కడితే ఏ లెక్కా తేలదు.

కొత్తబాట (కర్నూలు)
మీరంతా ఖర్చు గురించే చెప్తాండారు. అమ్మకం పెరగకుండా ఏ వ్యాపారం పెరుగుతుందప్పా? ఇన్‌స్టాలో రీల్స్ చేసి కొందరు వేలకి వేలు ఆర్డర్లు తెస్తాండారు. ముందు అది నేర్చుకోవాల.

లెక్కల_మాస్టారు
నేర్చుకోవాలి, కాదనను. అయితే రీలు చూసి 300 ఆర్డర్లు వచ్చినప్పుడు కలిపే చెయ్యి ఒక్కటే ఉంటే ఏమవుతుంది? అదివరకే 120 దాటితే ఉప్పు తేడా వస్తోందని ఆవిడే రాశారు. అమ్మకం వైపు ముందు ఒక అంకె చూసుకోమనండి. జనవరిలో కొన్న వందమందిలో ఏప్రిల్ లోపు మళ్ళీ ఎంతమంది కొన్నారు? వాట్సాప్‌లోనే ఉంటుంది, పేర్లు రాసుకుంటే గంట పని. మళ్ళీ కొనేవాళ్ళు తక్కువుంటే కొత్తవాళ్ళని తేవడం కంటే వాళ్ళెందుకు రాలేదో అడగడం చవక.

కొత్తబాట
సరే, ఒప్పుకుంటా. అయినా సీజన్‌లో కాయ కోత, కలపడం వీడియో తీసి పెట్టుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు. ఆ రోజులు పోతే మళ్ళీ ఏడాది ఆగాల. అదొక్కటి మరిచిపోవద్దు.

వాయి_వరస (కాకినాడ)
చెయ్యి ఒక్కటే ఉండటం గురించి ఎవరూ వివరంగా రాయలేదు. గోదారి_రుచి గారూ, ఇకపై మీరు నేర్చుకోవాల్సిన అసలు పని నేర్పడం. ఇద్దరిలో ఒకరిని ఎంచుకోండి. మొదటి వాయి మీరు కలుపుతుంటే ఆవిడ తూకాలు వేసి కాగితం నింపాలి. రెండోది ఆవిడ కలపాలి, మీరు పక్కన ఉండి మాట మాత్రమే చెప్పాలి. మూడోసారి మీరు గదిలోనే ఉండకూడదు. చేతులు ఊరుకోవు, వెళ్ళి గరిటె లాక్కుంటారు.

తర్వాత పరీక్ష. ఆరుగురికి తలా మూడు చెంచాలు పెట్టండి. రెండిట్లో మీ పచ్చడి, ఒకదాంట్లో ఆవిడది, లేదా తిరగేసి. వరస మార్చి పెట్టండి, ఏది ఎవరిదో చెప్పొద్దు. వేరుగా ఉన్నదేదో పట్టుకోమనండి. ఊరికే ఊహించినా ఆరుగురిలో ఇద్దరికి తగులుతుంది. ఐదుగురు పట్టుకున్నారంటే నిజంగా తేడా ఉన్నట్టు, కాగితం మీదికి రానిది ఏదో మీ చేతిలో మిగిలిపోయినట్టు. ఎక్కువగా దొరికేది ఆవపిండి దగ్గర. మిక్సీ ఆపకుండా తిప్పితే జార్ వేడెక్కి పిండి చేదెక్కుతుంది. మీరు తెలియకుండానే ఆపి ఆపి తిప్పుతారు, ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు. 20 సెకన్లు తిప్పడం, ఆపడం, జార్ చల్లారాక మళ్ళీ, అని కాగితం మీద రాయాలి.

గోదారి_రుచి
వాయి_వరస గారూ, నేను అలాగే ఆపి ఆపి తిప్పుతానండీ, ఎప్పుడూ గమనించుకోలేదు! నూనె కారడం గురించి కూడా ఎవరైనా చెప్పండి. మూత గట్టిగానే బిగిస్తున్నాం.

సీసా_మూత
మూత బిగింపు కాదు, సీసా అంచు చూడండి. పచ్చడి నింపేటప్పుడు అంచుకి నూనె అంటుతుంది. దాని మీద అల్యూమినియం సీలు పెట్టి మెషీన్ ఆనిస్తే అతుక్కున్నట్టే కనిపిస్తుంది, పూర్తిగా అతకదు. కొరియర్ బండిలో సీసా పక్కకి పడుకోగానే అక్కడినుంచి ఊరుతుంది. వెడల్పు మూతి గరాటు వాడండి. నింపాక అంచుని పొడి బట్టతో ఒకసారి, టిష్యూతో ఇంకోసారి తుడవండి. సీలు వేశాక సీసాని రాత్రంతా బోర్లించి కాగితం మీద ఉంచండి. కాగితం మీద మరక ఉంటే ఆ సీసా పంపకండి.

ఇంకోటి, నింపిన వెంటనే సీలు వేయొద్దు. ముక్కల మధ్య గాలి ఉంటుంది. పొడి పుల్లతో అంచుల వెంట కదిపి, మర్నాడు దిగిన మేరకి నూనె పోసి తూకం సరిచూసి అప్పుడు వేయాలి. నూనెలో పెట్టే పచ్చళ్ళకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణం కూడా ఉంది: పైన అర సెంటీమీటరు నూనె పొర అన్నా ఉండాలి, మొత్తంలో నూనె 10 శాతానికి తగ్గకుండా అన్నా ఉండాలి. మీ పాళ్ళలో శాతం ఎలాగూ దాటుతుంది, కానీ ఆ పొర బూజుకి కూడా అడ్డు.

కొరియర్ స్లాబుల మీదా కన్నేయండి. చాలాచోట్ల అరకిలో చొప్పున లెక్క. అరకిలో పచ్చడి సీసాతో, పెట్టెతో కలిపి అరకిలో దాటుతుంది, కిలో స్లాబులో పడుతుంది. పెద్ద పెట్టె అయితే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించిన అంకె అసలు బరువుకంటే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. రెండు కిలోల లోపు ఆర్డరుకి కొరియర్ విడిగా వేయండి. ధర పెంచకుండా మిగులు పెరిగే దారి ఇదొక్కటే కనిపిస్తోంది.

పన్నుల_పద్దు
లేబులు ఫోటో పెట్టగలరా?

గోదారి_రుచి
ఫోటో ఎక్కడం లేదండీ. పేరు, ఫోన్ నంబరు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, తయారీ తేదీ, 500 గ్రాములు అని ఉంటుంది.

పన్నుల_పద్దు
చాలదు. పూర్తి చిరునామా, వాడిన సరుకులు ఎక్కువ నుంచి తక్కువకి వరసగా, వాయి నంబరు, ఎప్పటిలోపు వాడాలి, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, గ్రాముకి ఎంత పడుతుందో ఆ యూనిట్ ధర, పోషక విలువల పట్టిక, ఫిర్యాదులకి ఫోను, ఈమెయిల్, ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క. నంబరు 14 అంకెలూ ఉండాలి. మీ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, ఏటా వేయించాలి. ప్యాక్ చేసి అమ్ముతున్నారు కాబట్టి ఆ శాఖలోనే ప్యాకరుగా నమోదు కూడా చేయించుకోండి. దుకాణాలకి వేయడం మొదలుపెడితే తనిఖీ ముందు దీని మీదే జరుగుతుంది.

గోదారి_రుచి
రాసుకున్నాను. చివరగా రెండు ప్రశ్నలు. ఆ 15 వేల కోర్సు చేయమంటారా వద్దా? చికెన్ పచ్చడి అడుగుతున్నారు, మొదలుపెట్టనా?

లెక్కల_మాస్టారు
కోర్సు వాళ్ళని ఒక్కటే అడగండి: నా ఖర్చు కాగితం చూసి దిద్దుతారా? లేదంటే ఆ డబ్బు మంచి కాటాకీ, పులుపు కొలిచే పీహెచ్ మీటరుకీ పెట్టండి. జిల్లాలో బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలో అప్పడాలు, పచ్చళ్ళు, మసాలా పొడుల కోర్సు ఉంటుంది, ఫీజు లేదు. కృషి విజ్ఞాన కేంద్రంలోనూ అడగండి. యంత్రాలకి పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార తయారీదారులకి కేంద్ర పథకం) కింద 35 శాతం సబ్సిడీ, 10 లక్షల వరకు. 2020లో మొదలైన పథకం, ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా రిసోర్స్ పర్సన్‌ని కనుక్కోండి.

సీసా_మూత
చికెన్ ఇప్పుడే వద్దండీ. మామిడికాయకి దాని పులుపే కాపలా. పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. కోడిమాంసం పీహెచ్ 6 దగ్గర ఉంటుంది. దాన్ని నూనెలో ముంచి గాలి తగలకుండా పెట్టడమంటే బోట్యులిజం అనే ప్రాణాంతకమైన ఆహార విషాన్ని తెచ్చే బ్యాక్టీరియాకి అనువైన చోటు చూపించడమే. అది పెరిగినా వాసన, రంగు మారకపోవచ్చు. ముక్క లోపలి పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉండాలి, 4.2 లక్ష్యంగా పెట్టుకుంటే కాస్త వెసులుబాటు.

కొలిచే పద్ధతి ఉంది. నిమ్మరసం ముక్క లోపలికి దిగాలి కాబట్టి కలిపిన రెండు రోజుల తర్వాత కొలవాలి. ముక్కలు తీసి నూనె బాగా ఒత్తి, అంతే బరువు డిస్టిల్డ్ వాటర్‌తో మెత్తగా రుబ్బి, పైకి తేలిన నూనె తీసేసి మీటరు పెట్టాలి. మీటరుని ఆ రోజే పీహెచ్ 4, 7 బఫర్లతో (ముందే పీహెచ్ తెలిసిన ద్రావణాలు) సరిచూడాలి. ఎలక్ట్రోడ్‌కి నూనె పూస్తే అంకె తప్పు చూపిస్తుంది. పీహెచ్ కాగితాలు పనికిరావు, కారం రంగు వాటికి అంటుకుంటుంది. నిమ్మరసం వేడి మీద పోస్తే చేదు వస్తుంది, పూర్తిగా చల్లారాకే పోయాలి.

మీ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్‌లో మాంసం కేటగిరీ చేర్పించాలి. గిన్నెలు, బల్లలు వేరు, లేబులు మీద గోధుమరంగు త్రికోణం. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబులో మొదటి మూడు వాయిలూ పరీక్ష చేయించకుండా ఒక్క సీసా కూడా అమ్మొద్దు. అడిగేవాళ్ళలో అమెరికా పంపించమనేవాళ్ళు ఉంటారు. మన దేశం నుంచి మాంసం పచ్చళ్ళని అక్కడ రానివ్వరు, పట్టుకుంటే పారేస్తారు. ఆ ఆర్డర్లు లెక్కలోంచి తీసేసి మిగిలినవెన్నో చూడండి.

గోదారి_రుచి
చికెన్ పక్కన పెట్టేశాను. రేపు మాగాయ వాయి ఉంది, కాటా పెట్టి మొదలుపెడతాను. మాగాయకి ముక్కల బరువు ఎండబెట్టక ముందు రాయాలా, తర్వాతా?

సీసా_మూత
రెండూ రాయండి. ఉప్పు, పసుపు పచ్చి ముక్కల బరువుకి లెక్కేయాలి. కారం, మెంతిపిండి, నూనె ఎండిన ముక్కల బరువుకి. ఎండ తక్కువైన రోజు ముక్క బరువుగా ఉంటుంది, ఆ బరువు చూసి కారం ఎక్కువ వేయకుండా, ముందు ఇంకో పూట ఎండబెట్టండి. ముక్కల నుంచి పిండిన ఊట కూడా తూచి పెట్టుకోండి. అది తిరిగి ఎంత కలిపారో రాయకపోతే వచ్చేసారి ఉప్పు మళ్ళీ తేడా వస్తుంది.